అన్న అడిగించిన రెండో ప్రశ్న

మొన్న శనివారం మనవరాలికి స్కూలు బూట్లు కొనడానికి వెళ్ళాం. మా అబ్బాయి ఇల్లు మెల్‌బోర్న్ శివార్లలో కేరమ్ డౌన్స్‌లో, షాపు అక్కడికి దగ్గరే. షాపమ్మాయి పెట్టె మూత తీసి, పల్చటి కాగితం పక్కకు తోసి బూటు నా చేతికి ఇచ్చేసరికి తోలూ జిగురూ కలిసిన ఆ కొత్త వాసన ముక్కుకు తగిలింది. బూటు అక్కడే పెట్టేసి బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాను. వెనకే వచ్చిన మనవరాలు "నానమ్మా, ఆర్ యూ ఓకే?" అని అడిగితే ఓకేనే తల్లీ అన్నాను. ఈ దేశం వచ్చాక మనమంతా మొట్టమొదట నేర్చుకున్న అబద్ధం అదేననుకుంటాను.

ఎనభైల చివర్లో ఇక్కడికి వచ్చిన నా ఈడు వాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మన డిగ్రీలు సూట్‌కేసు అడుగునే ఉండిపోయిన రోజులవి. తెనాలిలో ఆరేళ్ళు హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పినదాన్ని, మెల్‌బోర్న్ వచ్చాక ఆ ఇంగ్లీషుకి గిరాకీ లేదని తెలుసుకోవడానికి ఒక చలికాలం పట్టింది. మాకంటే రెండేళ్ళు ముందొచ్చిన మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, ఊరికి ఉత్తరాన ఒక బూట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుండేది. నన్ను కూడా అక్కడే చేర్పించింది. కొన్నాళ్ళకు మా ఆయనకూ అక్కడి స్టోర్స్‌లోనే పని దొరికింది.

అక్కకీ నాకూ బూటు కింద సోలు అంటించే పని. ఎదురుగా జిగురు డబ్బా, చేతిలో బ్రష్షు, పక్కన ఇటలీ వాళ్ళు, గ్రీకులు, వియత్నాం పిల్లలు. చలికాలంలో కిటికీలన్నీ మూసేసేవారు. మధ్యాహ్నం మూడయ్యేసరికి తల దిమ్మెక్కిపోయేది. రైల్లో ఇంటికి వస్తుంటే కళ్ళ ముందు స్టేషన్లు ఊగేవి. అదంతా ప్రయాణపు అలసట అనుకునేవాళ్ళం, ఆదివారం ఆరాధనకు వెళ్తే తగ్గిపోయేది కనక.

మా యూనియన్ సెక్రటరీ ఇటలీ దక్షిణాన ఏదో కొండ ఊరి మనిషి. పద్దెనిమిదో ఏట ఓడ దిగి, రైలు పట్టాలు వేసి, టమాటాలు కోసి, ఇదే ఫ్యాక్టరీలో తోలు కత్తిరించి, తోటివాళ్ళ తరఫున మాట్లాడీ మాట్లాడీ చివరికి అదే పనిగా పెట్టుకున్నాడు. పదేళ్ళుగా ఆ పేట కౌన్సిలరు కూడా. యాభై దాటిన అంత పెద్దమనిషిని అందరూ పేరు పెట్టి పిలుస్తుంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు. అంకుల్ అందామంటే మరీ అంత పెద్దవాడూ కాదు. ఒకరోజు టీ వేళ అలవాటుగా "అన్నా" అని నోరు జారాను. ఆయన కప్పు దించి నా వంక అదోలా చూశాడు. వాళ్ళ భాషలో అది ఆడవాళ్ళ పేరట, ఆయన చెల్లెలి పేరట. మాలో పెద్ద తోడబుట్టినవాణ్ణి అలా పిలుస్తామని చెప్పి సిగ్గుతో చచ్చిపోతుంటే, అలాగే పిలవమన్నాడు.

ఆ చెల్లెలి సంగతి తర్వాత మెల్లగా తెలిసింది. వాళ్ళ ఊళ్ళో ఒక ఇంటి వెనక గదిలో బూట్లకు జిగురు రాసేదట. ముందు వేళ్ళు, తర్వాత కాళ్ళు మొద్దుబారి, ఇరవై రెండేళ్ళకే మంచం పట్టి పోయింది. అన్న ఈ దేశం వచ్చాక ఉత్తరంలో ఆ కబురు అందింది. యూనియన్‌లో ఎందుకు చేరావని ఎవరైనా అడిగితే జీతాలూ సెలవులూ అని ఏదో చెప్పేవాడు గానీ అసలు కారణం మాత్రం ఆ పిల్ల.

అందుకే అక్క ఒకనాడు నాతో "కాళ్ళు నావి కానట్టున్నాయే, బస్సు దిగుతుంటే మెట్టు తెలీట్లేదు" అన్నప్పుడు మా అందరికంటే ముందు భయపడింది ఆయనే. ఆ మాట నేను చెప్పగానే డాక్టర్ల దగ్గరికి తిప్పాడు, కాగితాలు పెట్టాడు, ప్రభుత్వం చేత విచారణ వేయించాడు. గాలి లాగే ఫ్యాన్లు బిగించేదాకా జిగురు పని ఆపాలన్నది ఆయన పట్టు. అక్కది పని వల్ల వచ్చిన జబ్బేనని తేలాలంటే పక్కన పనిచేసే ఇంకొకరు అవే బాధలు చెప్పాలి. నాకప్పటికే తలనొప్పి, వేళ్ళ చివర తిమ్మిరి. చెప్తానన్నాను. ధైర్యంగానే అన్నాను.

ఏం అడుగుతారో ఎలా చెప్పాలో యూనియన్ ఆఫీసులో ఆయన నాకు నేర్పాడు. "నీకేం బాధ లేదు కదా?" అని కంపెనీ వకీలులా అడిగితే నేను "నో" అన్నాను. ఆయన తికమకపడ్డాడు. మనవాళ్ళని ఎవరైనా నీకేం బాధ లేదుగా అని అడిగితే, ఉన్నప్పుడు ఏమంటాం? "లేదండీ, ఉంది" అంటాం. ఆ మొదటి 'లేదు' ఎదుటివాడి మాటను కొట్టేయడానికి. ఇంగ్లీషులో ఆ ఒక్క 'నో' దగ్గరే ఆగితే ఏ బాధా లేదని ఒప్పుకున్నట్టు. ఆయన పడీపడీ నవ్వి, తెలుగు దుబాసీని పెట్టుకుందామన్నాడు. ఇంగ్లీషు టీచర్ని, నాకు దుబాసీ ఏమిటి? తెనాలి నుంచి మోసుకొచ్చిన టెక్కు అది. వద్దన్నాను.

ఈలోగా మేనేజరు అందర్నీ పిలిచి, జిగురు పని ఆగితే ఫ్యాక్టరీయే వేరే దేశం వెళ్ళిపోతుందని చల్లగా చెప్పాడు. విచారణ రోజు పొద్దున మా ఆయన టీ తాగుతూ ఒక్క మాటన్నారు: "ఇద్దరం అక్కడే పనిచేస్తున్నాం. చూసుకో."

అక్క ఆ రోజు పరీక్షల కోసం ఆసుపత్రిలో ఉంది. విచారణ గదిలో కంపెనీ వకీలు లేచి, నాకు తలనొప్పి గానీ తిమ్మిరి గానీ ఏమీ లేవు, అంతే కదా అని అడిగాడు. నేను నిజమే చెప్పబోయాను. "నో సార్" అన్నాను. 'ఉంది' అనేలోపే అతను థాంక్యూ అని కూర్చున్నాడు. అన్న లేచి, ఈమె భాషలో నో అంటే అర్థం వేరు, దయచేసి తిన్నగా మళ్ళీ అడగండి అన్నాడు. విచారణాధికారి మంచి ముసలాయన. నా వైపు వంగి, చిన్నపిల్లను అడిగినట్టు నిదానంగా, ఆ జిగురు దగ్గర పనిచేస్తుంటే మీకు ఏదైనా బాధ ఉందా, లేదా అని అడిగాడు.

ఆ ప్రశ్న నాకు అర్థమైంది. అక్షరం అక్షరం అర్థమైంది. మేనేజరు నన్ను ఉరిమి చూడలేదు, కాగితాలు సర్దుకుంటున్నాడు. మా ఆయన మాట చెవిలో ఉంది. "ఏమీ లేదు సార్, బాగానే ఉన్నాను" అన్నాను.

అన్న మెల్లగా కూర్చున్నాడు. సాయంత్రం, పరీక్షలు ముగించుకుని అక్క ఇల్లు చేరాక, తన కార్లోనే నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. ఇంక నా బండారం బయటపెడతాడని వంటింట్లో కాఫీ పెడుతూ చెవి అటే వేశాను. ముందుగదిలోంచి ఆయన గొంతు వినిపించింది. "తప్పు నాది. దుబాసీ కావాలని నేను పట్టుబట్టాల్సింది. మీ చెల్లి మీ పద్ధతిలో జవాబు చెప్పింది, వాళ్ళు దాన్ని తప్పుగా రాసుకున్నారు." రెండో ప్రశ్న ఊసే ఎత్తలేదు.

గేటు దాకా వెళ్ళి అన్నా అన్నాను. ఆయన కారు తలుపు పట్టుకుని, "మా చెల్లెలు కూడా యజమాని అడిగితే బాగానే ఉన్నానని చెప్పేది. పని పోతుందని" అన్నాడు. అందులో కోపం లేదు. ఉండి ఉంటే ఈపాటికి నేను మర్చిపోగలిగేదాన్నేమో.

అక్కది పని వల్ల వచ్చిన జబ్బు కాదని తేల్చేశారు. కిటికీలు మూసే ఉన్నాయి, ఇంకో ఇద్దరు గ్రీకు ఆడవాళ్ళకు చేతులు పట్టు తప్పాయి. మరుసటి ఏడు అన్న రాష్ట్ర శాసనసభకు నిలబడ్డాడు. సొంత కార్మికులే కాదన్న నాయకుడు అని ఎదుటి పార్టీ వాళ్ళు కరపత్రాలు వేసి ఇంటింటికీ పంచారు. మా పోస్టు డబ్బాలో కూడా ఒకటి పడింది. ఓడిపోయాడు. ఆ తర్వాత యూనియన్ ఎన్నికల్లోనూ ఓడిపోయాడు. నేను అంత చేసి కాపాడుకున్న పని ఏడాదిన్నర నిలిచింది. బయటి దేశాల బూట్లు చవగ్గా వచ్చి పడుతున్నాయని తొంభైల మొదట్లో ఫ్యాక్టరీ మూసేశారు. మూసిన రోజు గేటు దగ్గర ఏ పదవీ లేని అన్న ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి, వేరే పని చూసుకోవడానికి ఏ ఆఫీసుకు వెళ్ళాలో చీటీ మీద రాసిచ్చాడు. నాకూ ఇచ్చాడు. మరో రెండేళ్ళకు గుండెపోటుతో పోయాడు.

చర్చి నిండా జనం. అక్క చేతికర్ర మీద వచ్చి ఆయన భార్యను పట్టుకుని ఏడ్చింది. ఆ మహాతల్లి తర్వాత నా చెయ్యి కూడా పట్టుకుంది. ఆమెకు తెలుసో లేదో ఆ ముఖం చూసి పోల్చుకోలేకపోయాను.

అక్కకు ఇప్పుడు వాకర్ లేనిదే అడుగు పడదు. పిల్లలంతా చేరినప్పుడు ఆ కథ తనే చెప్తుంది, ఇంగ్లీషు టీచరమ్మ ఒక్క నోతో కొంప ముంచిందని. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను గానీ, ముప్పై ఏళ్ళుగా ఆ పొరపాటును మన్నించి హాయిగా ఉన్న మనిషి దగ్గర ఆ ఊరటను ఎలా లాక్కోను?

కాలం మారింది. ఈ ఊళ్ళో బూట్లు అంటించేవాళ్ళు లేరు, అన్న కూర్చున్న ఆఫీసు కాఫీ షాపయింది. ఆసుపత్రికి వెళ్ళినా, ఏ ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళినా తెలుగు దుబాసీ కావాలా అని వాళ్ళే అడుగుతున్నారు, కాగితాలు తెలుగులో అచ్చేసి చేతిలో పెడుతున్నారు. అప్పుడే ఇవన్నీ ఉంటే ఎంత బాగుండేదో అని అక్క నిట్టూరుస్తుంది. ఆ రోజు తెలుగులో అడిగినా నేను అదే చెప్పేదాన్ని.