రెండు బిందెల కట్టడి

యాభైల నాటి కరువులో కోసిగి దగ్గర మా ఊరి బావులన్నీ ఎండిపోయి, ఒక్కదాంట్లోనే నీళ్లు మిగిలాయి. ఊరిపెద్ద వీరారెడ్డిగారు ఇంటికి రోజుకు రెండు బిందెలని కట్టడి పెట్టారు. మాది మగ్గం ఇల్లు. నాకు నెలల బిడ్డ, మంచంలో జ్వరంతో అత్త. బిడ్డ గుడ్డలు ఉతకడానికి నీళ్లు లేక, ఒకరోజు మూడో బిందె ముంచాను. రెడ్డిగారు బావి దగ్గరే ఉన్నారు.

"ఏమ్మా, ఎవురికీ లేని మూడో బిందె నీకెందుకు?" అని గద్దించారు.

అందరూ నన్ను దొంగను చూసినట్టు చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా, "రెండు బిందెలు యాడ సాలతాయి రెడ్డప్పా? ఒకతూరి మా ఇంటికొచ్చి చూడు" అన్నాను.

నిజంగానే వచ్చారు. సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని బిడ్డ స్నానానికి, అత్త నుదుటి తడిగుడ్డకు, నూలుకు పెట్టే గంజికి ఎన్నెన్ని నీళ్లు పోతున్నాయో చూశారు. లేస్తూ, "తప్పు నాదేలేమ్మా. చూడకుండానే కట్టడి పెట్టినా" అన్నారు.

తర్వాత ఇల్లిల్లూ తిరిగి వాడకం చూసి, ఎవరి అవసరాన్ని బట్టి వారికి బిందెలు నిర్ణయించారు. మొదటి కోత ఆయన ఇంటికే పడింది. "మా ఇంట్లోనే నీళ్లు శానా వృథా అయితాండాయి" అని అందరి ముందూ ఆయనే చెప్పారు. వానలొచ్చేదాకా బావి మమ్మల్ని ఆదుకుంది.

కాపురానికొచ్చి రెండేళ్లయినా నిండని పిల్ల మాటకు విలువిచ్చి మా అరుగెక్కిన ఆ పెద్దమనిషికి ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.