గోడకన్నంలోంచి సీసా

రక్తం కక్కుకుని చావు తప్పించుకున్న నా తమ్ముడికి గోడకన్నంలోంచి సీసా అమ్మారు. అది తప్పు కాదని ఠాణాలో ఒకాయన చెప్పాడు, వీధిలో పదిమంది చెప్పారు. తప్పే. అలా అనడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. నేను ఐదో తరగతిలో బడి మానేసినవాణ్ని. ఆ తరవాత చదివినవన్నీ క్రేన్ మాన్యువళ్లు, లైబ్రరీ పుస్తకాలు, ఈమధ్య ఆస్పత్రి కాగితాలు. ఇంట్లో లివర్ జబ్బు మనిషి ఉన్నవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

తమ్ముడి పేరు సూరి. వెల్డరు. ఉక్కు కంపెనీ ఇచ్చిన అగ్రికో క్వార్టర్లు ఖాళీ చేశాక ఇద్దరం ఆదిత్యపూర్లో పక్కపక్కన ఇళ్లు కట్టుకున్నాం. దసరా వెళ్లిన కొన్నాళ్లకి వాడికి పాదాలు వాచాయి. కడుపు బరువుగా ఉందని అన్నం సగంలో లేచిపోయేవాడు. నల్లటి విరేచనం అవుతున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒక ఉదయం పెరట్లో పళ్లు తోముకుంటూ దగ్గాడు. మొదట కిళ్లీ ఉమ్ముతున్నాడనుకుందట మరదలు పరమ్మ. తరవాత గడ్డలు గడ్డలుగా పడింది. గోడ మీద, బకెట్టు మీద, తులసి కుండీ మీద పడింది. బకెట్టు మీదకే కూలిపోయాడు.

ఆటోలో నా ఒళ్లో మళ్లీ కక్కాడు. నా పంచె తడిసి కాళ్లకి అంటుకుపోయింది. ఖర్కాయి నది వంతెన మీద ఆటోవాడు బండి ఆపి, దిగిపొమ్మన్నాడు, సీటు పాడవుతోందన్నాడు. నేను వెనకనుంచి వాడి కాలరు పట్టుకుని గొంతు బిగించాను. అంత బలం ఈ వయసులో ఎక్కడిదో నాకు తెలియదు. వాడు బండి తోలాడు.

ఐసీయూలో ముక్కులోంచి గొట్టం వేస్తే దాంట్లోంచీ ఎర్రగానే వచ్చింది. రక్తం ఎంత దొరికితే అంత తెమ్మన్నారు. ఎండోస్కోపీ చేసి బయటికొచ్చిన కుర్ర డాక్టరు, లివర్ సిర్రోసిస్, వెరైసెస్ పగిలాయి, రబ్బరు బ్యాండ్లు వేసి బిగించాం అన్నాడు. లివరు రాయిలా గట్టిపడితే దాంట్లోకి వెళ్లాల్సిన రక్తం వెనక్కి తన్ని, అన్నవాహికలోని నరాలు ఉబ్బుతాయట. లైను మూసుకుపోతే వెనక ప్రెషరు పెరిగి సీలు పగలడం ఫ్యాక్టరీలో చూసినవాణ్ని కాబట్టి అది నాకు వెంటనే బోధపడింది.

రోజూ ఎంత తాగుతాడని డాక్టరు అడిగాడు. తాగడని పరమ్మ చెప్పింది. నేనూ అదే చెప్పాను. వాడు తాగి తూలడం మా ఇంట్లో ఎవరం చూడలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డ వాడి కూతురు జ్యోతి మాత్రం హిందీలో అంది:

“పీతే హైఁ డాక్టర్ సాబ్. రోజ్. సుబహ్ సుబహ్.”

మేమింకా లేవకముందే వాడి తాగుడు అయిపోయేదన్నమాట.

మందు ఆగిన మూడోనాడు అసలు యుద్ధం మొదలైంది. విత్‌డ్రాయల్ అన్నారు. సీలింగులోంచి క్రేన్ హుక్కులు దిగుతున్నాయని అరిచాడు. సూది వేయబోయిన సిస్టరు చెయ్యి కొరికాడు. సెలైను స్టాండు ఊడబెరికి తిప్పితే పరమ్మ కనుబొమ చీలిపోయింది. నలుగురం మీదపడి మణికట్లు మంచానికి కట్టాం. కట్టిన చేతులతోనే మంచాన్ని కుదిపాడు. నన్ను మా అమ్మ పేరుతో కలిపి తిట్టాడు. మధ్యలో, “పెట్టెకి లైటేసీండ్రా, తెల్లారిపోనాది” అని ఏడ్చాడు. ఏ పెట్టె అని సిస్టరు అడిగింది. నాకు తెలుసు.

వయసులో ఉండగా వాణ్ని ఒక కంట్రాక్టరు కంపెనీ కొత్తరకం వెల్డింగు నేర్చుకోమని కొన్ని నెలలు జపాను పంపింది. మా తెలుగువాళ్ల క్వార్టర్ల లైన్లలో తాగాలంటే పదిమందికి కనపడి తాగాలి. దుకాణం దగ్గర నిలబడ్డవాడి కంటే ముందే వాడి కబురు ఇంటికి చేరేది. వదినలు వాయించేసేవారు. అక్కడ వీళ్ల హాస్టలు ఎదుట సారా కొట్టు గోడకి బీరువా అంత మిషను ఉండేదట. చిల్లర వేసి బటను నొక్కితే కింద నోట్లోకి బీరు డబ్బా దబ్బున పడేది. రాత్రి పదకొండుకి దానంతటదే ఆగిపోయి, ఐదింటికి మళ్లీ వెలిగేది. వీడు ఐదింటికే వెళ్లి దాని ముందు నిలబడేవాడు. తిరిగొచ్చాక, “అది ఏటీ అడగదన్నియ్యా. ఎవలివి, ఎవల కొడుకువి, ఏటీ అడగదు” అని చెప్పాడు. మేం దాన్ని వింత కబురులాగే విన్నాం.

ఆ సంగతి వార్డు బయట జ్యోతితో అన్నాను. తను ఆదిత్యపూర్లోనే ఒక పార్టుల కంపెనీలో ఇన్‌స్పెక్షన్ చేస్తుంది. అంతకు ముందటేడు తననీ ట్రైనింగుకి జపాను పంపారు. సెలవునాడు నాన్న చెప్పిన సందు వెతుక్కుంటూ వెళ్లిందట. టీ, కాఫీ, మంచినీళ్ల మిషన్లు మూలమూలకీ ఉన్నాయట గాని, మందు మిషను ఎక్కడో ఒకటి తప్ప కనపడలేదట. మా వాడి పెట్టె ఉన్నచోట సిమెంటులో తుప్పు బోల్టులు మిగిలాయి, వెనక గోడ తెల్లగా ఉండిపోయింది. కొట్టు ముసలామెని ఫోన్లో తర్జుమా పెట్టి అడిగితే, మాచేత సర్కారు తీయించలేదమ్మా, అమ్ముకునేవాళ్లమే మాట్లాడుకుని తీయడం మొదలుపెట్టాం అందట. చిన్నపిల్లలు కొంటున్నారు, ఎవరు తీసుకుంటున్నారో మాకే తెలియడం లేదు, తాగేవాళ్లని లోపలికే రానీ అందట.

నేను వెర్రివాణ్ని కాను. అక్కడ రాత్రంతా తెరిచి ఉండే కొట్లలో మందు దొరుకుతుందని జ్యోతే చెప్పింది. తాగేవాళ్లు తాగుతూనే ఉన్నారు. కానీ ఇప్పుడు బల్ల వెనక ఒక మనిషి ఉన్నాడు. లాభం తెచ్చే మిషన్ని అమ్మేవాళ్లే పీకేశారన్న మాట నా బుర్రలోంచి పోలేదు.

సూరి ఇంటికొచ్చాడు. ఉప్పు తగ్గించాం. విరేచనం సాఫీగా అయ్యే సిరప్పు, నాడి తగ్గించే మాత్ర ఇచ్చాం. మధ్యలో మళ్లీ ఎండోస్కోపీ, మళ్లీ బ్యాండింగ్. “ఇంకో బ్లీడ్ అయితే ఈయన్ని వెనక్కి తేలేను” అన్నాడు డాక్టరు. నేను చుట్టుపక్కల ప్రతి మందు దుకాణానికి వెళ్లి, వీడికి అమ్మితే మర్యాద దక్కదని చెప్పొచ్చాను. వాడి బుగ్గలు నిండాయి. తెల్లవారుజామున వాకింగుకి పోతున్నాడని పరమ్మ సంతోషించింది.

హోలీ అయిన వెంటనే రెండోసారి కక్కాడు. ఈసారి స్పృహే లేదు. లివరు వడగట్టలేని అమోనియా తలకెక్కిందన్నారు. కళ్లు పసుపుముద్దలు. జ్యోతిని చూసి నువ్వెవరన్నాడు. రక్తంలో ఆల్కహాల్ ఉందని డాక్టరు రిపోర్టు నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. పరమ్మ స్టీలు చెంబుతో మంచం మీద ఉన్న మొగుణ్ని కొట్టింది. భుజం మీద, తొడ మీద, చెంబు సొట్టపోయేదాకా కొట్టింది. సిస్టర్లు లాగేశాక అదే మంచం కింద కూలబడి వాడి కాళ్లు పట్టుకుంది. ఎక్కడ కొన్నావని మేం అడిగిన ప్రతిసారీ వాడు గోడవైపు తిరిగాడు.

అంత జరిగీ బతికాడు. బతికొచ్చి నడవగలిగిన వెంటనే మళ్లీ వాకింగు అన్నాడు. నేను వెనకాల వెళ్లాను.

మూతపడ్డ ఫోర్జింగు షెడ్డు వెనక ఒక గది. దాని కిటికీకి రేకు కొట్టి ఉంది. రేకులో గుండె ఎత్తున చెయ్యి పట్టేంత కన్నం. నోటు లోపలికి తొయ్యడం, రెండుసార్లు తట్టడం, సీసా బయటికి రావడం. జపాను పెట్టెని తుక్కు సామానుతో కట్టినట్టుంది. సూరి తట్టబోతుంటే మెడ పట్టి లాగి చెంప మీద కొట్టాను. నేలమీద చతికిలపడ్డాడు. వాడి చేతిలో నోటు నేనే లాక్కుని కన్నంలోకి తోసి తట్టాను. సీసాతో చెయ్యి వచ్చింది. పట్టుకున్నాను. మోచేతిదాకా బయటికి గుంజాను. రేకు అంచు చర్మాన్ని కోసుకుంటూ వచ్చింది. రక్తం నా వేళ్లమీద జారింది. అయినా వదల్లేదు.

“సెయ్యి ఒగ్గీరా సచ్చినోడా.”

తెలుగు. ఆడ గొంతు. నా పట్టు వదిలిపోయింది.

తుక్కులో పడున్న ఇనపరాడ్డు తీసుకుని రేకుని కొట్టాను. మేకులు ఊడి రేకు వంగి వేలాడేదాకా కొట్టాను. లోపల పెట్టెమీద కూర్చుని కోసుకుపోయిన చేతిని ఒళ్లో పెట్టుకుంది నర్సమ్మ. నా క్రేను కింద హుక్కు తగిలించే రాములు పెళ్లాం. రాములు కడుపు కుండలా ఉబ్బి చనిపోయాడు. అదే జబ్బు, అదే వార్డు. నేను పాడె మోశాను.

“మా సూరికి అమ్మీసినావేటే? నీకు మనసెలా ఒప్పిందే?” అన్నాను.

ఆమె చేతికందిన సీసా విసిరింది. అది నా తలపక్క గోడకి తగిలి పగిలింది. గాజుపెంకు కనుబొమలో దిగింది. ఇంతలో వెనకనుంచి సూరి వచ్చి, మెడలో తువ్వాలు చింపి నర్సమ్మ చేతికి కట్టడం మొదలుపెట్టాడు. ఆమె వాడి పచ్చటి కళ్లలోకి చూస్తూ ఉండిపోయింది. కట్టు అయ్యేదాకా రెప్ప వెయ్యలేదు.

ఆ కన్నం మీద ఫిర్యాదు రాయించడానికి ఠాణాకి వెళ్లాను. అక్కడాయన నా కనుబొమ మీద కుట్లు చూసి నవ్వాడు. “బాబా, ఛేద్ పర్ కౌన్‌సా కేస్ బనేగా?” అన్నాడు. కన్నం మీద కేసు లేదట గాని, రేకు విరగ్గొట్టినందుకు నా మీద పెట్టొచ్చట. పెట్టుకోమన్నాను. పెట్టలేదు.

నర్సమ్మని మాత్రం వదల్లేదు. వీలైనప్పుడల్లా వెళ్లి గుమ్మంలో నిలబడి అదే అడిగాను. జపాను ముసలామె చేసిన పని కూడా చెప్పాను. మొహం పక్కకి తిప్పుకుని గిన్నెలు తోముకునేది.

ఇప్పుడు సూరి కళ్లు తెల్లబడ్డాయి. మొన్నటి ఎండోస్కోపీలో నరాలు అణిగాయని డాక్టరు చెప్పాడు. నన్ను చూసి, “బాబా, ఇందులో సగం నేను చేశాను, సగం మీవాడు చేశాడు” అన్నాడు. లివరు కొత్తది కాదు, ఎప్పటికీ కాదు. పొద్దున్న ఇద్దరం కలిసి నడుస్తాం. పరమ్మ చప్పిడి పులుసు పోస్తే తిట్టుకుంటూ తింటాడు.

నర్సమ్మ మళ్లీ రేకు కొట్టించలేదు. కిటికీ దగ్గర బల్ల వేసుకుని, కొనేవాళ్లకి ఎదురుగా కూర్చుంది. ఇంకా అమ్ముతూనే ఉంది. అది తప్పని నేను ఆమె మొహం మీదే అంటున్నాను, అంటూనే ఉంటాను. ఒకరోజు సూరి మనసు ఆగక అక్కడికి వెళితే చీపురు తిరగేసి తరిమిందట. ఈ సంగతి వాడే చెప్పాడు, కొంచెం సిగ్గుపడుతూ.

మీ ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే నేను చేసిన పని మీరు చెయ్యకండి. దుకాణాలకి ఒక్కరే వెళ్లి బెదిరించొస్తే లాభం లేదు. రోగిని వెంటబెట్టుకుని వెళ్లండి. వాడు కొనే ప్రతిచోటా, పసుపు కళ్లతో, ఉబ్బిన కడుపుతో, అమ్మేవాళ్ల ఎదుట వాణ్ని నిలబెట్టండి. ఇంట్లో ఎవరెవరున్నారో కూడా చెప్పండి. నేనది ముందే చేసి ఉంటే రెండో బ్లీడ్ వచ్చేది కాదు.

పోయిన నెలలో బల్ల దగ్గర ఎవరూ లేని వేళ చూసి మళ్లీ అడిగాను, ఆ కన్నం ఎందుకు పెట్టావని. ఆమె చేతిమీద కోత మచ్చ ఇంకా పోలేదు. ఈసారి మొహం తిప్పుకోలేదు.

“మనుసుల్ని సూత్తే మా ఆయనే అగుపడతాడు మేస్త్రిబావు, సీసా సేతికి రాదు. కన్నంలోంచయితే సేతులే వత్తాయి. సేతులకి పెళ్లాం పిల్లలుండరు గదా.”