మొగులప్పకు నేను ఎంచిన ఆంప్లిఫయర్

1986 ఆగస్టులో నన్ను నారాయణఖేడ్‌కు వేశారు. హైదరాబాదులో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే చెవి దవాఖానలో నేను ఆడియోమెట్రీ టెక్నీషియన్‌ని. వినికిడి కొలవడం, యంత్రం అవసరమైన వాళ్లకు తగినది ఎంచి అమర్చడం నా పని. మందు రాసే అధికారం డాక్టరుది. ఆయన నెలకొకసారి వచ్చి, నేను నింపిన కాగితాలు చూసి సంతకాలు పెట్టి వెళ్లేవారు. మిగతా రోజుల్లో బస్టాండు వెనక అద్దెకు తీసుకున్న రెండు గదుల కేంద్రంలో నేనొక్కడినే ఉండేవాణ్ని. నాగల్‌గిద్ద, మనూర్, కల్హేర్ వైపు ఊళ్ల నుంచి జనం వచ్చేవారు. సంత రోజున వరండాలో నిలబడే చోటు ఉండేది కాదు.

మొగులప్ప తన భార్య సంగమ్మతో కలిసి వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి. ఇరవై ఏళ్లకు పైగా కందిపప్పు మిల్లులో ఇంజను చూసుకున్నాడు. వినపడక ఒకసారి ఇంజను బెల్టులో పడబోయి తప్పించుకున్నాక యజమాని అతణ్ని పనిలోంచి దింపి, చెవులకు యంత్రం తానే ఇప్పిస్తానన్నాడు.

పరీక్షకు మా దగ్గర గోడలకు మందపాటి దుప్పట్లు కొట్టిన చిన్న గది ఉండేది. మనిషికి హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నని స్వరం నుంచి బొంగురు స్వరం దాకా ఒక్కొక్కటే వినిపిస్తాం. వినిపించగానే అతడు వేలెత్తాలి. ఎంత మోతకు వేలెత్తాడో డెసిబెల్ లెక్కలో గుర్తు పెట్టి, గుర్తులన్నీ కలిపితే వచ్చే గీతే ఆడియోగ్రామ్. మొగులప్ప గీతలో సన్నని స్వరాలు దాదాపు పోయాయి. బొంగురు స్వరాలు కొంత మిగిలాయి. అలా మిగిలిన దాన్ని శేష శ్రవణం అంటాం. టెక్నీషియన్ మొదట కాపాడవలసింది దాన్నే.

ముందు జేబులో పెట్టుకునే యంత్రం ఇచ్చాను. రెండు వారాలకు తిరిగి తెచ్చాడు.

"మాట సమజైతుంది సార్. పాట అయితలేదు. రేకు మీద గులకరాళ్లు పోసినట్టున్నది" అన్నాడు.

పాట సంగతి సంగమ్మ చెప్పింది. అతడు సోమవారం భజన మండలిలో హార్మోనియం వాయిస్తూ పాడేవాడు. చెవులు తగ్గేకొద్దీ శ్రుతి తప్పసాగింది. "పెట్టె ఒక సుతిల, ఈయన ఒక సుతిల. వాళ్లేం అనలే సార్. పిలుసుడు బంద్ జేసిన్రు."

అలాంటి వాళ్లకు ఇంట్లో వినడానికి బల్ల మీద పెట్టే ఆంప్లిఫయర్ ఒక దారి. రేడియో సెట్టంత పెట్టె. రేడియో నుంచి గానీ మైకు నుంచి గానీ వచ్చే ధ్వనిని పెంచి, చెవులను పూర్తిగా మూసే పెద్ద హెడ్‌ఫోన్లలోకి పంపుతుంది. హైదరాబాదు వెళ్లినప్పుడు అలాంటివి రెండు తెచ్చాను. మొదటిది బధిరుల పాఠశాలల కోసం చేసింది. అందులో ఒక అడ్డుకట్ట ఉంది. లోపలికి ఎంత మోత వచ్చినా బయటికి ఒక హద్దు దాటి పోదు. ఆ అడ్డుకట్ట వల్లే పాటలో హెచ్చుతగ్గులు అణిగిపోయి, అంతా ఒకే ఎత్తులో వినిపిస్తుంది. రెండోది పాటలు రికార్డు చేసేవాళ్ల కోసం ఒక మంచి మెకానిక్ చేత్తో కట్టింది. దానికి అడ్డుకట్ట లేదు. కరెంటు గుర్రుమనే శబ్దం కూడా లేకుండా, పలికింది పలికినట్టే వచ్చేది. రెండూ నేను విన్నాను. నాకూ రెండోదే నచ్చింది. ఎంపికలో ఆ ఇష్టం కలిసిందని ఒప్పుకోవాలి.

సెప్టెంబరులో ఒక సంత రోజు పొద్దున రెండింటినీ బల్ల మీద పెట్టి రేడియోకు కలిపాను. కర్ణాటక సరిహద్దు అవతలి రేడియో కేంద్రం నుంచి కన్నడ తత్వం పాట వస్తోంది. మొగులప్ప ఒకటి విని, రెండోది విని, మళ్లీ మొదటిది పెట్టించుకున్నాడు. ఆఖరికి హెడ్‌ఫోన్లు తీయకుండానే చెప్పాడు.

"గీ డబ్బాల పాట వస్తుంది సార్. గా డబ్బాల మనిషి పాడుతుండు."

అడ్డుకట్ట లేని పెట్టె ఇచ్చేటప్పుడు తప్పనిసరిగా చేయవలసిన పరీక్ష ఒకటుంది. నరం దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం వినపడదు గానీ పెద్ద శబ్దం మామూలు చెవి కంటే త్వరగా హాని చేయగలదు. అందుకని ఒక్కో స్వరానికి, ఒక్కో చెవికి, ఎంత మోత దగ్గర మనిషి ఓర్చుకోలేడో విడివిడిగా కొలవాలి. రెండుసార్లు కొలిచి సరిచూడాలి. అందులో అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెకు ఇంకా కిందనే పెట్టె హద్దు నిర్ణయించాలి. దీనికి గంట పడుతుంది. ఆ రోజు వరండాలో పదిహేను మంది కూర్చున్నారు. మధ్యాహ్నం డాక్టరు వస్తున్నారు. నేను ఆ పరీక్ష చేయలేదు. అలాంటి చెవులు చాలా చూశానన్న ధైర్యంతో కాగితంలో ఆ పరీక్ష గడులన్నిటిలో 115 డెసిబెల్ అని రాశాను. దాని ప్రకారం మోత పెంచే మీట పక్కన ఎర్ర రంగుతో గీత గీసి, అది దాటొద్దని సంగమ్మకు, మొగులప్పకు గట్టిగా చెప్పాను. డాక్టరు కాగితం చూసి సంతకం పెట్టారు. గడి ఖాళీగా ఉంటే ఆయన పెట్టేవారు కాదు.

నెల తర్వాత ఇంటికి వెళ్లి చూడాలన్నది నియమం. వెళ్లాను. సంగమ్మ పొయ్యి దగ్గర నుంచి మైకు పట్టుకుని "కూరల ఉప్పు సరిపోయిందా?" అని మామూలు గొంతుతో అడిగింది. అతడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అన్నం తింటూ తలూపాడు.

"ఏడేండ్ల సంది లొల్లి పెట్టుకుంటనే మాట్లాడినం సార్" అంది ఆమె. "గిప్పుడు మెల్లగ మాట్లాడుతున్నం."

అతడు రోజుకు నాలుగైదు గంటలు రేడియో వింటున్నాడు. మైకు హార్మోనియం మీద పెట్టుకుని శ్రుతి సరిచూసుకుంటున్నాడు. శివరాత్రికి మండలి వాళ్లు రమ్మన్నారట. ఇబ్బందేమైనా ఉందా అని మైకులో అడిగాను.

"తీసినంక జెరసేపు చెవులు జుయ్యిమంటయ్ సార్. మిల్లు బందైనంక గూడ గట్లనే అనేటియి."

ఆ హోరు చెవికి మోత ఎక్కువవుతోందనడానికి గుర్తు. అక్కడే ఆగి అతణ్ని కేంద్రానికి రప్పించి మళ్లీ కొలవవలసింది. ఆ ఇంట్లో వాళ్ల ముఖాలు చూసి నాకు ఆ ఆలోచనే రాలేదు. పుస్తకంలో 'సంతృప్తికరం' అని రాసుకుని వచ్చాను.

శివరాత్రికి పది రోజుల ముందు మొగులప్ప, సంగమ్మ పెట్టెను గుడ్డలో మూట కట్టుకుని వచ్చారు.

"డబ్బా ఖరాబైంది సార్" అన్నాడు అతడు. "సప్పుడు తగ్గుకుంట తగ్గుకుంట వచ్చింది. ఇగ వస్తనే లేదు."

రేడియోకు కలిపి, మీట ఉన్నచోటే ఉంచి హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టుకున్నాను. మోత భరించలేక వెంటనే లాగేశాను. పెట్టెకు ఏమీ కాలేదు. మీటకు దారం కట్టి ఉంది. అదేమిటని సంగమ్మను అడిగాను.

"గీత దాటొద్దన్నవ్ గద సార్. చెయ్యి తగిలి జరుగుతదేమోనని కట్టిండు. ఒక్కనాడు దాటలే."

దుప్పట్ల గదిలో కూర్చోబెట్టి కొలిచాను. కుడి చెవికి యంత్రం ఇవ్వగలిగినంత మోత ఇచ్చినా వేలు లేవలేదు. ఎడమ చెవిలో ఒక బొంగురు స్వరానికి 95 దగ్గర లేచింది. అప్పుడు, అయిదు నెలల ఆలస్యంగా, ఆ ఓర్పు పరీక్ష చేశాను. 100 దగ్గరే అతడు ముఖం చిట్లించి హెడ్‌ఫోన్ మీద చెయ్యి వేశాడు.

గది బయట సంగమ్మ నిలబడి ఉంది. "డబ్బా మంచిగనే ఉంటే ఇగ ఏంది సార్?" అని అడిగింది.

జరిగింది చెప్పాను. చేయని పరీక్షకు అంకె వేశానని, ఆ అంకె ఎక్కువైందని, మిల్లు మిగిల్చిన వినికిడి దానితో పోయిందని చెప్పాను. ఆమె అరవలేదు. కొంగు సర్దుకుని, "నాకు జెప్పినవ్. ఆయనకు జెప్పు" అంది.

అతడికి వినపడదు. చదువు రాదు. సెప్టెంబరు కాగితం తీసి అతని ముందు పెట్టాను. 115 అన్న గడుల మీద వేలు పెట్టాను. హెడ్‌ఫోన్లు చూపించి, దుప్పట్ల గది చూపించి, లేదన్నట్టు చెయ్యి ఊపాను. గుండె మీద చెయ్యి పెట్టుకుని నన్ను నేను చూపించుకున్నాను. ఇలా రెండుసార్లు చేయవలసి వచ్చింది. 

"గా పరీక్ష చెయ్యలేదా?" అన్నాడు. తన గొంతు తనకు వినపడక గట్టిగా అన్నాడు. వరండాలో జనం ఇటు తిరిగారు.

లేదని తల ఊపాను.

"మరి రాసినవెందుకు?"

 

అతణ్ని హైదరాబాదు తీసుకెళ్లి పెద్ద డాక్టర్లకు చూపించాం. పోయిన నరం తిరిగి రాదన్నారు. రోగి ఎర్ర గీత దాటి వాడి ఉంటాడని సంస్థకు రాసి ముగించమన్నారు మా డాక్టరు. నేను దారం సంగతితో సహా జరిగింది జరిగినట్టు రాసి పంపాను. సంస్థ నన్ను ఏడాది పాటు పరీక్షల పని నుంచి తప్పించి స్టోరులో కూర్చోబెట్టింది. అది సరైన నిర్ణయమే. మొగులప్ప శివరాత్రి భజనకు పోలేదు. ఎండాకాలంలో ఇద్దరూ మనూర్ దగ్గర అతని అన్న ఊరికి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఒక సంతలో సంగమ్మ కనిపించింది. ఎలా ఉన్నాడని అడిగాను. "చేను కాడ కూసుంటడు. మాట్లాడుడు తక్కువ జేసిండు" అని చెప్పి, ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

తిరిగి పరీక్షల పనిలోకి వచ్చాక పదవీ విరమణ దాకా కొలవని అంకె ఒక్కటీ వేయలేదు. కొత్తగా చేరిన టెక్నీషియన్లకు శిక్షణ ఇచ్చినప్పుడు ఏ పెట్టె బాగా పలుకుతుందన్నది ఆఖరున చెప్పేవాణ్ని. ముందు కాగితం గురించి చెప్పేవాణ్ని. సమయం లేకపోతే గడి ఖాళీగా వదలండి. ఖాళీ గడి చూస్తే సంతకం పెట్టేవాడు ఆగుతాడు, యంత్రం ఇచ్చేవాడు ఆగుతాడు. నిండిన గడి దగ్గర ఎవరూ ఆగరు.