ముద్ర పడాల్సిన చోట

కొండమీది సామి సాక్షిగా ప్రమాణం చేసి రాస్తున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. చిత్తూరు కోర్టు ఆవరణలో నన్నెరిగినవాళ్లు ఈ ముక్క చదివితే నవ్వుతారు. నవ్వనీండి. కతలోడని నాకు పేరు. కానీ ఇది కత కాదు. పదకొండేళ్లుగా మోస్తున్న బరువు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను వకీలు గుమాస్తాను. మా సారు పేరుమోసిన పెద్ద వకీలు. సాయంత్రం పూట ఆయన మాటలు వినడానికని కుర్ర వకీళ్లు మా ఆఫీసులో బెంచీలు చాలక గడపమీద కూర్చునేవాళ్లు. "ప్రభుత్వం భూమి తీసుకోవద్దని నేననడంలేదప్పా. అడిగి తీసుకోమంటా ఉండా. ఊరోళ్లను అడక్కుండా రాసిన పథకం, కొలత తీయకుండా కుట్టిన చొక్కా మాదిరి ఉంటాది" అనేవాడు. ప్రజాసేవ మొదలయ్యేది వేదికమీద కాదు, ఆఫీసు బల్ల దగ్గర, అవతలివాడు చాపిన కాగితాన్ని అందుకునే చేతి దగ్గర, అని ఆయన నమ్మకం.

అందుకే మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఏ అర్జీ అయినా రెండు ప్రతులు. ఒకటి అధికారికిచ్చి, రెండోదాని మీద అందినట్టు గుండ్రటి ముద్ర వేయించుకుని రావాలి. ముద్ర లేకుండా వస్తే నేను పోనట్టే లెక్క.

వడమాలపేట పక్కన ఒక పల్లెలో మామిడితోటలు తీసుకుని ఫ్యాక్టరీలు పెట్టాలని అప్పట్లో నోటీసులు వచ్చాయి. ఆ పల్లెలో మునెమ్మ అని ఒక ముసలామె. మూడెకరాల తోట, తోట మూలన మొగుడి సమాధి. ఆ ఊరివాళ్లు సారు దగ్గరికి వచ్చారు. సారు సర్వే పటాలు ముందేసుకుని వారం రోజులు కూర్చున్నాడు. వాననీళ్లు పారే వంకకు అవతల ప్రభుత్వానిదే బీడు ఉందని, తోటలు కొట్టకుండానే ఫ్యాక్టరీ పెట్టుకోవచ్చని అభ్యంతరం రాశాడు. అంత గట్టి కాగితం ఆయన ఎప్పుడూ రాయలేదు.

అభ్యంతరాలు ఇచ్చే గడువు చివరి రోజు, తిరుపతిలో భూసేకరణ అధికారికి ఇవ్వాల్సిన ఆ కాగితం నా సంచిలో ఉంది. మునెమ్మ వేలిముద్ర ఒకటే బాకీ. వడమాలపేటలో బస్సు దిగాను. టీకొట్టు దగ్గర కాచుకుని ఉంది. వేలిముద్ర వేసింది. అంతటితో లేచి తిరుపతి బస్సు ఎక్కి ఉంటే ఈ రాత లేదు.

కొట్టులో నలుగురు నన్ను గుర్తుపట్టారు. ఒక కత చెప్పమన్నారు. నాకది చాలు. అలిపిరి దగ్గర చిరుతపులి మొక్కు తీర్చుకోవడానికి భక్తుల వెనక వరసలో నిలబడిందని, ముందున్నాయన వెనక్కి తిరగకుండానే "తోసుకోవద్దు సామీ, అందరూ పోవాల్సినోళ్లమే" అని కసిరాడని మొదలుపెట్టాను. కొట్టతను పొయ్యి వదిలేసి వచ్చాడు. మునెమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కానీ మొదట లేచింది ఆమే.

"ఇంక పో నాయనా. పొద్దు పోతాండాది."

"ఉండవ్వా, చిరుత ఇంకా మొదటి మెట్టే ఎక్కలేదు" అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

తిరుపతిలో ఆ అధికారి ఆఫీసు చేరేసరికి తలుపుకు తాళం ఉంది. "ఇప్పుడే పోయినారప్పా, యాడున్నావు ఇంతసేపూ?" అన్నాడు వాచ్‌మన్. ఆ మెట్లమీదే కూలబడి కాగితాలు తీశాను. రెండో ప్రతి కింద, ముద్ర పడాల్సిన చోట, గుండ్రంగా ఒక మరక. కత చెప్తూ చెప్తూ నా టీ గ్లాసు దానిమీదే పెట్టాను.

మర్నాడు పొద్దున్నే పోయి ఆలస్యమైందని బతిమాలుకుని ఉంటే ఆ అధికారి తీసుకునేవాడేమో. మెత్తని మనిషని విన్నాను. సారుకు నిజం చెప్పి ఉంటే చీవాట్లు పెట్టి, ఆయనే వచ్చి అడిగేవాడు. ఎందుకు చెప్పలేదు? చీవాట్లకు భయపడేవాడినా నేను? కాదు. రోజూ ఆ గుమ్మంలోకి నేను అడుగుపెడితే "రా అప్పా, ఏం తెచ్చినావు?" అని ఆయన ముఖం విప్పారేది. ఆ ముఖం వాడిపోవడం చూడలేకపోయాను.

"ముద్ర యాడప్పా?" అన్నాడు సారు.

"తీసుకోలేదు సార్."

"ఎవురు?"

"ఆ అధికారే సార్. 'ముసలోళ్ల ఏలిముద్రలు ఎవురు సదవతారు, పోవయ్యా' అన్నాడు."

"అట్లనే అన్నాడా?"

"టీ గ్లాసు దీనిమీదే పెట్టినాడు సార్. సూడండి."

ఆయన ఆ మరకను వేలితో తడిమాడు. తర్వాత, "మనం బతిమాలేది లేదు. కోర్టులోనే తేల్చుకుందాం" అన్నాడు.

నా చేత అఫిడవిట్ రాయించాడు. ప్రమాణం చేసి సంతకం పెట్టాను. విచారణలో ఆ అధికారి రిజిస్టరు తెచ్చి చూపాడు. ఆ రోజు మా ఊసే అందులో లేదు. ముద్ర లేదు కాబట్టి గడువులోగా తెచ్చినట్టు రుజువు లేదన్నారు. సారు రాసిన అభ్యంతరం ఎవరూ చదవకుండానే కేసు పోయింది. తోటలు కొట్టేశారు. మునెమ్మ మొగుడి సమాధి కంచె లోపలే ఉండిపోయింది. ఆమె చిత్తూరికి వచ్చి నన్నొకటే అడిగింది: "నువ్వు టయానికే పోయినావు కదా నాయనా?"

పోయినానవ్వా అన్నాను.

సారు ఓడిపోయినా ఊరుకోలేదు. ఏ సభకు పిలిచినా ఆ మరక గురించే చెప్పేవాడు. నాయకులు మారితే చాలదు, కాగితం అందుకునే చెయ్యి మారాలని, పేదవాడి వేలిముద్రమీద టీ గ్లాసు పెట్టే పాలనకు ఏ పథకమూ అతకదని చెప్తుంటే జనం కళ్లు తుడుచుకునేవాళ్లు. ఆయన జీవితమంతా నమ్మిన మాట అది. మాట నిజమే. దాని కింద నేను పెట్టిన పునాదిరాయే దొంగది. ఆయన ఆ అధికారి పేరు చెప్పేవాడు కాదు, కానీ ఆ కుర్చీలో ఎవరుండేవారో అందరికీ తెలుసు.

ఆ అధికారి ఒకసారి కోర్టు బయట నా దగ్గరికి వచ్చాడు. కోప్పడలేదు. "నేను టీ తాగనప్పా. నా బల్లమీద టీ గ్లాసనేదే ఉండదు" అన్నాడు. నేనేమైనా అంటానేమోనని కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు.

పోయిన ఏడాది సారు మంచాన పడ్డాడు. చూడడానికి పోయి, గదిలో ఎవరూ లేనప్పుడు అంతా చెప్పేశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "నాకెప్పుడో అనుమానమేప్పా. ముద్ర లేని కాయితాన్ని నమ్మింది నా తప్పు. పోనీలే" అన్నాడు. వారానికి కన్నుమూశాడు.

ఇక్కడితో ఆపి సంతకం లేకుండా మడిచేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.

ఆ చివరి ముక్క కల్పించాను. అదొక్కటే. సారును చూడడానికి పోయింది నిజం. చెప్పాలనే పోయాను. గదిలో ఇద్దరు కుర్ర వకీళ్లున్నారు. నన్ను చూడగానే ఆయన ముఖం మునుపటి మాదిరే విప్పారింది. "రా అప్పా. ఆ టీ గ్లాసు సంగతి వీళ్లకు చెప్పు. నువ్వు చెప్తేనే బాగుంటాది" అన్నాడు.

చెప్పాను. ఈసారి కతలో ఆ అధికారి చేత గ్లాసు ఎత్తించి, అవ్వ వేలిముద్ర ఉన్న కాగితంతోనే బల్ల తుడిపించాను.

సారు కళ్లు మూసుకుని, చివరిదాకా విన్నాడు.