తెర మూలన హనాదీ

డమాస్కస్‌లో మా సర్కారు టీవీ వార్తల్ని నిజంగా శ్రద్ధగా చూసింది వినపడనివాళ్ళేనని నా నమ్మకం. మిగతావాళ్ళు కరెంటుంటే పెట్టేవారు, ముఖ్యాంశాలు మొదలవగానే వంటింట్లోకి పోయేవారు. ఆ వినపడనివాళ్ళ కోసం తెర కింది మూలన చిన్న గుండ్రంలో నిలబడి సైగలు చేసే మనిషి హనాదీ. ఆమె మీద కెమెరా బిగించి కూర్చునేవాణ్ణి నేను. యుద్ధమంతా నేను చూసింది ఆ రెండు చేతుల్లోనే.

ఆమె తండ్రి షకీబ్‌కు పుట్టుచెవుడు. ఇద్లిబ్ వైపు ఓ పల్లెలో పరుపులు కుట్టేవాడు. తల్లి చిన్నప్పుడే పోతే ఈమె ఆయన చేతుల దగ్గరే మాట నేర్చింది. ఈమె ఉద్యోగానికి డమాస్కస్ వచ్చాక ఆ పల్లె సర్కారు మీద తిరగబడ్డ అవతలివాళ్ళ చేతిలోకి పోయింది, దారి మూసుకుపోయింది. సర్కారు టీవీ మనిషి అవతలికి ఫోను కలిపిందని తెలిస్తే ఉద్యోగం మాట దేవుడెరుగు, మనిషే మిగలదు. కూతురు బతికే ఉందని ఆ ముసలాయనకు తెలిసే దారి ఆ గుండ్రం ఒక్కటే. ఆయన చూస్తున్నాడన్నదే ఆమెకు ధైర్యం, అదే బెంగ కూడా.

"మా ఊరి మీద బాంబులు పడ్డ రోజు, 'ఉగ్రవాదుల స్థావరాలు నేలమట్టం' అని ఈ చేతుల్తోనే చెప్పానన్నా," అంది ఒకసారి టీ తాగుతూ. "వీటికి మాట నేర్పింది మా నాన్న. ఆయన చూసుంటే నన్నింక కూతురనుకుంటాడా?"

"ఆ పూట కరెంటు పోయుంటుందిలే తల్లీ," అన్నాను.

"కరెంటు పోవాలని మొక్కుకునేదాన్ని ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను," అని నవ్వింది.

వాతావరణం చెప్పేటప్పుడు, ఫుట్‌బాల్ చెప్పేటప్పుడు ఆమె కనుబొమలు, బుగ్గలు, పెదవులు అన్నీ మాట్లాడేవి. యుద్ధవార్త రాగానే ముఖం మూతపడేది. చేతులు మాత్రం ఆడుతుండేవి. బులెటిన్ పెద్ద జుహైర్‌కు అది చూస్తే ఒళ్ళు మండేది.

"ఏంటమ్మా ఆ ముఖం? మన సైన్యం గెలిచిందని చెబుతూ చావింటికొచ్చినదానిలా నిలబడతావు!"

"అలసటండీ ఉస్తాద్."

"ఎవరికి లేదమ్మా అలసట? చచ్చేవాడికీ ఉంది, చంపేవాడికీ ఉంది. కాస్త నవ్వు!"

ఆయన ముందు నవ్వేది. తర్వాతి బులెటిన్‌లో మళ్ళీ అదే ముఖం. నేనూ అలసటేననుకున్నాను. రొట్టెల వరసలో తెల్లవారి, గది వెచ్చబెట్టే పొయ్యిలోకి నూనె లేక చలిలో వణికి పనికొచ్చేవాళ్ళం. మాలో ఎవరి ముఖంలో మాత్రం కళ ఉంది గనక!

డిసెంబరులో ఒక పొద్దున అవతలివాళ్ళు డమాస్కస్‌లోకి వచ్చేశారు, ప్రభుత్వం పారిపోయింది. జుహైర్ అంతకన్నా ముందే పారిపోయాడు. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాక, గద్దెనెక్కిన కొత్తవాళ్ళు మమ్మల్ని మళ్ళీ పిలిచారు. కెమెరా పట్టేవాడు ఎవరికైనా కావాలి కదా. దారులు తెరుచుకున్నాయి, అయినా హనాదీ ఊరికి పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోవాలని భయం. చివరికి ఆ ముసలాయనే పరుపు చుట్ట భుజానేసుకుని బస్సు దిగాడు. ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి హనాదీ తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను.

ఇంట్లో కూర్చోగానే ఆమె చేతుల్తో అడిగింది. నాకు అర్థం కావాలని నోటితో కూడా చెప్పింది.

"అన్నీ చూశావా నాన్నా?"

ఆయన తలూపాడు.

"మన ఊరి మీద పడ్డ రోజుదీ?"

మళ్ళీ తలూపాడు.

"మరి నన్నేమనుకున్నావు?"

ముసలాయన అరచేతిని నుదుటి నుంచి గడ్డం దాకా, దుకాణం తలుపు దించినట్టు దించాడు. హనాదీ భోరున ఏడ్చింది. నాకేమీ అర్థం కాలేదు.

కళ్ళు తుడుచుకుని చెప్పింది. "చిన్నప్పుడు ఊళ్ళోవాళ్ళు ఈయన్ని తిడుతుంటే, ఏమంటున్నారని నన్నడిగేవాడన్నా. చెప్పకా తప్పదు, చెప్పనూలేను. ముఖంలో ఏమీ కదలనీకుండా మూసేసి, ఉత్త చేతుల్తో చెప్పేదాన్ని. అలా చెబితే అది నా మాట కాదు, వాళ్ళదని మా ఇద్దరికీ లెక్క. ఇన్నేళ్ళూ అదే చేశాను. ఈయనకది గుర్తుంటుందో లేదోనని చచ్చాను."

ఇన్నేళ్ళు ఆ ముఖం మీదే కన్నేసి కూర్చున్న నాకు అలసట తప్ప ఇంకేం కనబడలేదు. సిగ్గేసింది.

ముసలాయన అక్కడే ఉండిపోయాడు. పాత సర్కారు జైళ్ళు తెరిచి ఖైదీల్ని వదిలిన వార్తలు చెబుతుంటే హనాదీ ముఖం ఎంత విప్పారిందంటే, నేను కెమెరా కాస్త వెనక్కి జరుపుకోవాల్సి వచ్చింది. ఆ చలికాలం మా అందరికీ కాస్త ఊపిరాడింది.

మార్చిలో సముద్రతీరం నుంచి వార్తలొచ్చాయి, పాత సర్కారు మనుషుల్ని ఏరేస్తున్నామంటూ కొత్తవాళ్ళ సైనికులు ఇళ్ళమీద పడి మామూలు జనాన్నీ చంపుతున్నారని. మేకప్ చేసే రిహాబ్‌ది ఆ వైపే. పొద్దుట్నుంచి అక్కకు ఫోను చేస్తూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. ఏడుస్తూనే యాంకర్‌కు పౌడరద్దింది. ఆ యాంకర్ కూర్చుని, "ఏరివేత పూర్తయింది, తీరమంతా ప్రశాంతం," అని చదివాడు. కెమెరాలో చూస్తుండగానే హనాదీ ముఖం మూతపడింది.

కొత్త పెద్ద మర్యాదస్తుడు. అరవలేదు. "అక్కా, కాస్త చిరునవ్వుంటే బాగుండేది," అన్నాడు.

"అలసటండీ," అంది హనాదీ.

సాయంత్రం ఆమెను ఇంటి దగ్గర దింపడానికి వెళ్ళాను. ముసలాయన టీవీకి ఎదురుగా, ఒళ్ళో కుడుతున్న దుప్పటితో కూర్చునున్నాడు. కూతుర్ని చూశాడు. అరచేతిని నుదుటి నుంచి గడ్డం దాకా దించి, అవునా అన్నట్టు కనుబొమలెగరేశాడు.

ఆమె అవునంది. ఆయన సూది పక్కన పెట్టి, మా ముగ్గురికీ టీ పెట్టడానికి లేచాడు.