ఒకే అమ్మోరికి రెండు మొక్కులు

పెద్ద యుద్ధం నడిచిన రోజుల్లో, చెరకు పండే మా దీవిలో, కాంప్ ద మాస్క్‌లోని మా ఇంట్లో ఒక మేకపోతూ ఒక కోడిపుంజూ పెరిగేవి. రెండింటికీ మేత వేసేది నేనే. పుంజు మా అత్తది, మేకపోతు మా ఆయనది. రెండూ అమ్మోరికి మొక్కినవే. యుద్ధం ఆగాలని అత్త మొక్కింది. చక్కెర ధర దిగకూడదని, అంటే యుద్ధం ఆగకూడదని మా ఆయన మొక్కాడు. ఇద్దరూ విడివిడిగా నా చెవిన వేసి, ఎవరికీ చెప్పొద్దన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నోరు మూసుకుని గడ్డి కోశాను.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఆశ ఎక్కువ, అంతే. తెల్లవాళ్ళ దేశంలో చక్కెర దుంపలు పండే పొలాల్లో ఫిరంగులు దిగాయట. అందుకని మా దీవి చక్కెరంతా దొరతనమే కొనేస్తోంది. ఆ ధైర్యంతో ఎస్టేటువాళ్ళు వదిలించుకున్న రాళ్ళ నేల కాస్త కొని చెరకు నాటాడు. "మన చెరకు లేపోతే రాజుగారు లగేర్ సెయ్యలేడే," అనేవాడు, తనే ఆ లగేర్ నడిపించే యుద్ధమంత్రి అయినట్టు. బియ్యం తెచ్చే ఓడలు కూడా ఆ రాజుగారికే కావలసివచ్చాయి గనక మేం మాన్యోక్ దుంపలు ఉడకేసుకుని తినేవాళ్ళం. దుంప గొంతుకు అడ్డం పడినప్పుడు మాత్రం మంత్రిగారు మాట్లాడేవాడు కాదు.

అత్త చిన్నకొడుకు, అంటే నా మరిది, కూలి పటాలంలో చేరి అరబ్బుల దేశానికి పోయాడు. చక్కెర బస్తాలకని అత్త కిత్తనార సంచులు అల్లేది. "ఈ సంచులు నిండినన్నాళ్ళూ నా గుంటడు రాడే," అనేది. అల్లడం మాత్రం మానలేదు. మానితే తినేదేమిటి?

ఒకరోజు మిల్లు కూత వేళ కాని వేళ మోగింది. యుద్ధం అయిపోయిందన్నారు. అత్త పుంజును చంకన పెట్టుకుని అమ్మోరి గుడికి పరుగెత్తింది. మా ఆయన గుమ్మంలో కూలబడ్డాడు.

"ఇంక మన దిసిక్ ఎవడు కొంతాడే?"

"ఆ చక్కెర నువ్వే టీలో ఏసుకు తాగు," అన్నాను.

అయితే చక్కెర ధర దిగలేదు, ఇంకా పెరిగింది. ఆయన రొట్టె విరిగి నేతిలో పడింది. ధర నిలిచింది కాబట్టి మేకపోతును ఇవ్వాల్సిందేనన్నాడు పూజారి. సరిగ్గా ఆ వారమే మరిది తిరిగొచ్చాడు. జ్వరాలతో చిక్కి, కళ్ళు పసుపెక్కి, గుమ్మంలో నిలబడితే ముందు నేను పోల్చుకోలేదు. అత్త అతన్ని తడిమి తడిమి చూసుకుంది.

మేకపోతును కోసి మొక్కు తీర్చిన రోజు విస్తళ్ళ ముందు కూర్చున్నాం. మరిది కూర కేసి చూసి, "నా కోసం మేకపోతునే మొక్కేవా అన్నా?" అన్నాడు.

అత్తకు ఆ మొక్కు సంగతి ఎప్పుడో తెలిసిపోయిందని నాకప్పుడు అర్థమైంది. ఆవిడ తల ఎత్తకుండానే, "మరేటనుకున్నావురా? రోజూ నీ పేరు సెప్పుకునే మేపేడు," అంది.

మరిది లేచి అన్న కాళ్ళకు దండం పెట్టాడు. మా ఆయన గొల్లుమన్నాడు. ప్రేమ అనుకుని తమ్ముడూ ఏడ్చాడు. ఏళ్ళ తరబడి ఆయన్ని ఆటపట్టించిన నాకే ఆ పూట జాలేసింది.

ఆయన కూర ముట్టలేదు. అది చూసి మరిది తన విస్తట్లోంచి ముద్ద కలిపి అన్న నోటికి అందించాడు. తినక తప్పలేదు.