బండిలో చోటుందన్న జనరల్

2023 వేసవి. న్యూజెర్సీలో పార్సిప్పనీకి దగ్గర్లో ఉన్న ఒక రీహాబ్ సెంటర్‌లో నేను డే షిఫ్ట్ నర్సుని. రీహాబ్ అంటే హాస్పిటల్‌కీ ఇంటికీ మధ్య మజిలీ. తుంటి విరిగి ఆపరేషన్ అయినవాళ్ళూ, మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళూ మళ్ళీ నడక నేర్చుకోవడానికి కొన్ని వారాలు మా దగ్గర ఉంటారు. ప్రాణాల మీదికి వచ్చే సందర్భాలు తక్కువ. ఐసీయూలో ఏళ్ళ తరబడి పరుగులు పెట్టాక, ఇక్కడైతే కాస్త నెమ్మదిగా ఉంటుందని నేనే కోరి వచ్చాను. నెమ్మది నా ఒంటికి పడదని వచ్చాక తెలిసింది, అది వేరే సంగతి.

ఆ వేసవిలో వాల్టర్ అనే పెద్దాయన మా దగ్గరికి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, హైస్కూల్లో హిస్టరీ చెప్పి రిటైరయ్యాడు. ఇంటి మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. గుండె లయ తప్పుతుంటుంది కాబట్టి బ్లడ్ థిన్నర్ వాడేవాడు, అంటే రక్తం గడ్డకట్టకుండా చూసే మందు. పడిన రోజున హాస్పిటల్లో తలకి స్కాన్ తీశారు. అందులో ఏమీ తేడా కనిపించలేదు.

ఆయన పాఠాలు చెప్పి రిటైరయ్యాడు గానీ ప్రాణమంతా ఇంకోచోట ఉండేది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, ఇంగ్లీషువాళ్ళ మీద అమెరికన్లకి సాయం వచ్చిన ఒక ఫ్రెంచి సైన్యం మా కౌంటీ మీదుగా దక్షిణానికి నడిచి వెళ్ళింది. చరిత్ర అంటే చెవి కోసుకునేవాళ్ళు కొందరు ఏటా ఆ కాలపు దుస్తులు వేసుకుని ఆ ఘట్టాన్ని జనానికి ఆడి చూపిస్తుంటారు. దాన్ని రీఎనాక్ట్‌మెంట్ అంటారు. మన వీధి నాటకం లాంటిదే, కాకపోతే తుపాకులు ఢామ్మని పేలతాయి. అందులో ఫ్రెంచి సేనాధిపతి వేషం ఎప్పుడూ వాల్టర్‌దే. వేషం తీసేశాక కూడా ఆయన సేనాధిపతిగానే ఉండేవాడు. మా ఫిజికల్ థెరపిస్ట్ శ్రీకాంత్‌ది వరంగల్. మొదటి రోజే ఆయనకి "జనరల్ సాబ్" అని పేరు పెట్టేశాడు.

నేను ఓపిక గల మనిషిని కాను. మెడ్ పాస్ టైమ్‌లో, అంటే వరసగా గదులన్నిటికీ మందులు ఇచ్చుకుంటూ వెళ్ళేటప్పుడు, ఎవరైనా కబుర్లు మొదలుపెడితే నా కాళ్ళు గుమ్మం వైపు లాగుతుంటాయి. వాల్టర్ ఆ సంగతి ఇట్టే కనిపెట్టాడు. మాత్ర అరచేతిలో పెట్టుకునేవాడే గానీ నోట్లో వేసుకునేవాడు కాదు. కథలో ఒక ఘట్టం అయితేనే ఒక మాత్ర.

"ముందు మింగండి మహానుభావా," అంటే, "యుద్ధం మధ్యలో సేనాధిపతి నీళ్ళు తాగుతాడా, సునీతా?" అనేవాడు.

అలా ఆ సేనాధిపతి జీవితం నాకు మాత్రల వంతున వంటబట్టింది. వాల్టర్ అంతా "నేను" అనే చెప్పేవాడు. "నేను మూడో కొడుకుని. నన్ను పాదిరీని చేద్దామనుకున్నారు. అన్న పోయాడని చదువు మానిపించి గుర్రం ఎక్కించారు." ఒక మాత్ర. యూరప్‌లో యుద్ధాలు, ఒంటి నిండా గాయాలు. ఒక మాత్ర. ఇంటిపట్టున ఉందామనుకునే వయసులో సైన్యంతో ఓడెక్కి అమెరికా రావడం, మా న్యూజెర్సీ ఉక్కపోతలో వాళ్ళని నడిపించుకుంటూ వర్జీనియా చేరడం, అక్కడ ఇంగ్లీషువాళ్ళు లొంగిపోవడం. దీనికి మటుకు రెండు మాత్రలు పట్టేవి. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో విప్లవం. రాజు మార్షల్ బిరుదిచ్చాడు, ఉత్తరాది సైన్యాన్ని ఈయన చేతిలో పెట్టారు. మంత్రులతో పొసగక రాజీనామా చేసి ఇంటికి వెళ్ళిపోయాడు. తలలు తెగిపడే రోజులు వచ్చాయి. రాజుగారి మనిషివని పట్టుకెళ్ళి జైల్లో పడేశారు.

ఆఖరి మాత్ర ఎప్పుడూ జైలు దగ్గరే. "ఒక రోజు నా వంతు వచ్చింది. తలలు నరికే గిలటిన్ దగ్గరికి తీసుకెళ్ళే బండి ఎక్కబోయాను. బండి అప్పటికే నిండిపోయింది. ముసలాయనా, నువ్వు తర్వాత అని వెనక్కి పంపారు. ఆ తర్వాత అనేది రానే లేదు. తలలు తీయించినవాళ్ళ తలలే పోయాయి. నన్ను వదిలేశారు. ఇంటికెళ్ళి, చాలా ఏళ్ళకి, నా మంచం మీద నేను పోయాను."

"నిజంగా అలాగే జరిగిందా?" అని ఒకసారి అడిగాను.

"బండి సంగతి జనం చెప్పుకునేది. నేను మాత్రం నమ్ముతాను," అని కన్ను కొట్టి మాత్ర గుటుక్కున మింగాడు.

ఆయన భార్య హెలెన్ రోజూ మధ్యాహ్నానికి వచ్చేది. కథ మొదలైందంటే చాలు, పర్సు తీసుకుని కాఫీకి లేచిపోయేది. "నలభై ఏళ్ళుగా ఆ మనిషి మా ఇంట్లో అద్దె కట్టకుండా ఉంటున్నాడు," అని నాతో విసుక్కునేది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం. వాల్టర్ పొద్దున్నుంచీ మత్తుమత్తుగా ఉన్నాడు. థెరపీ గట్టిగా చేయించారు, అలసిపోయాడనుకున్నాం. ప్రతి షిఫ్ట్‌లో అడిగే ప్రశ్నలు అడిగాను. పేరేమిటి, ఎక్కడున్నారు, ఇది ఏ సంవత్సరం, ఇక్కడికి ఎందుకొచ్చారు. టకటకా చెప్పాడు. అన్నీ సరిగ్గా చెబితే చార్ట్‌లో ఓరియెంటెడ్ అని రాస్తాం, మనిషి తెలివిలో ఉన్నాడని దానర్థం. రాశాను. మాత్రలు అందించాను. కథ మొదలైంది. పాదిరీ, గుర్రం, ఓడ, వర్జీనియా, రాజీనామా, జైలు. అన్నీ మామూలే.

"బండి ఎక్కాను," అన్నాడు. "తీసుకెళ్ళారు. తల తీసేశారు. అంతే." మాత్ర మింగి, "ఇవాళ భోజనంలో జెల్లో ఏ రంగుది?" అని అడిగాడు.

నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వాను. "బండి నిండిపోయింది కదా?"

"లేదే. చోటుంది," అన్నాడు, తాపీగా.

మాది తెనాలి దగ్గర పల్లె. ఇక్కడ మా తెలుగు చర్చిలో సండే స్కూల్ పిల్లలు కంఠతా పట్టిన బైబిల్ వాక్యాలు అప్పజెప్పించుకునే పని నాది. ఇక్కడే పుట్టిన పిల్లలు, అమెరికా యాసలో తెలుగు. మధ్యలో మర్చిపోతే కళ్ళు సీలింగ్ వైపు పోతాయి, వేళ్ళు ముడుచుకుంటాయి. "వెయిట్ ఆంటీ, చెప్పకు, ఐ నో ఇట్," అని బతిమాలుతారు. మర్చిపోయిన పిల్లకి తను మర్చిపోయినట్టు తెలుస్తుంది, అందుకే వెతుక్కుంటుంది. వాల్టర్ వెతుక్కోలేదు. అక్కడ ఇంకేదో ఉండాలన్న అనుమానమే ఆయనకి రాలేదు. ఆ సంగతి తట్టగానే మందుల బండి అక్కడే వదిలేసి గుమ్మం వైపు నడిచాను.

బయటికొచ్చేసరికి హాల్‌వేలో శ్రీకాంత్ కనిపించాడు. "పొద్దున జనరల్ గారు ఎలా నడిచారు?" అని అడిగాను.

"మంచిగనే నడిచిండక్కా. జర ఎడమ దిక్కు ఒరిగిండు. వాకర్ డోర్‌కి తగిలింది. టైర్డ్ అయిండు అనుకున్న. ఏమైంది?"

"కథ తప్పు చెప్పాడు."

"కథనా?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. "నడువు, చూద్దాం."

ఇద్దరం గదిలోకి వెళ్ళాం. ప్రొనేటర్ డ్రిఫ్ట్ అని ఒక చిన్న పరీక్ష ఉంది. కళ్ళు మూసుకుని, అరచేతులు పైకి పెట్టి, రెండు చేతులూ ముందుకి చాపమంటాం. మెదడులో ఒక పక్క ఒత్తిడి ఉంటే రెండో పక్క చేయి మనిషికి తెలియకుండానే దిగిపోతుంది. "పిజ్జా బాక్స్ పట్టుకున్నట్టు పట్టుకోండి," అన్నాను. కుడిచేయి కదలకుండా నిలబడింది. ఎడమచేయి మెల్లగా లోపలికి తిరిగి కిందికి జారింది.

"బాగా పట్టుకున్నానా?" అన్నాడు వాల్టర్, కళ్ళు మూసుకునే.

"చాలా బాగా పట్టుకున్నారు," అన్నాను.

డాక్టర్‌కి ఫోన్ చేసి, బ్లడ్ థిన్నర్ మీద ఉన్నాడనీ, ఎడమచేయి దిగిపోతోందనీ చెప్పాను. ఆవిడ ఇంకో ప్రశ్న వేయలేదు. "911కి కాల్ చేయండి. నేను హాస్పిటల్‌తో మాట్లాడతాను," అంది. హెలెన్‌కి కాల్ చేస్తే అప్పటికే దారిలో ఉంది. అంబులెన్స్, ఆవిడ కారు ఒకేసారి వచ్చాయి.

"మాట్లాడుతున్నాడా?" అని అడిగింది నన్ను పట్టుకుని.

"మాట్లాడుతున్నారు."

"ఆ సేనాధిపతి గురించేనా?"

"అవును."

"అయితే బాగానే ఉన్నాడు కదా?" అంది. స్కాన్ అయితే గానీ తెలియదన్నాను. ఆవిడని అంబులెన్స్‌లో ఎక్కించుకున్నారు.

సాయంత్రానికి కబురొచ్చింది. సబ్‌డ్యూరల్, అంటే పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరడం. పడిన రోజున స్కాన్‌లో లేనిది, ఆ తర్వాత బొట్టుబొట్టుగా ఊరింది. పుర్రెకి చిన్న రంధ్రం చేసి తీసేస్తారట. ఆ వయసులో, ఆ గుండెతో ఎలా తట్టుకుంటాడోనని నాకు అన్నం సయించలేదు. మా చర్చి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి పెట్టాను. పేషెంట్ వివరాలు బయటపెట్టకూడదు కాబట్టి "మా జనరల్ గారి కోసం" అని మాత్రమే రాశాను. ఏ ఆర్మీ అక్కా, ఇండియన్‌దా, యూఎస్‌దా అని ఒకాయన అడిగాడు. ఫ్రెంచి అని రాశాను. ఇంక ఎవరూ ఏమీ అడగలేదు.

ఆపరేషన్ బాగా జరిగిందని మర్నాడు తెలిసింది. ఆ మాట విని శ్రీకాంత్ ఫోన్ పట్టుకుని హాల్‌వేలో చిన్న స్టెప్పు వేశాడు. నేను సప్లై రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని తనివితీరా ఏడ్చాను. కానీ మనిషి బతకడం ఒకటి, ఆ మనిషే తిరిగి రావడం ఇంకొకటి. ఆ భయం మాత్రం పోలేదు.

కొన్నాళ్ళకి సగం గుండుతో, కుట్లతో మళ్ళీ మా దగ్గరికే వచ్చాడు. కథ చెప్పమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయనే మాత్ర అరచేతిలో పెట్టుకుని మొదలుపెట్టాడు. హెలెన్ కుర్చీలో కూర్చుని ఉంది. ఆ రోజు లేవలేదు. శ్రీకాంత్ గుమ్మంలో నిలబడ్డాడు.

కథ కుంటుకుంటూ నడిచింది. "ఓడ దిగి... ఆగు, ఆ ఊరి పేరేమిటి..." కళ్ళు సీలింగ్ వైపు వెళ్ళాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. వెతుక్కుంటున్నాడు! జైలు దగ్గరికొచ్చేసరికి ఇంకా ఎక్కువసేపు ఆగాడు. నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు. "చెప్పకు. బండి... నిండిపోయింది. నన్ను వెనక్కి పంపారు."

"హమ్మయ్య!" అన్నాడు శ్రీకాంత్ గట్టిగా.

వాల్టర్ మా ముగ్గురినీ అయోమయంగా చూసి, సేనాధిపతిని ఇంటికి చేర్చి, మంచం మీద పడుకోబెట్టి, మాత్ర మింగాడు.

హెలెన్ మాత్రం కదల్లేదు. "అంటే బతికాడా?" అంది.

"ఎవరు?"

"నీ సేనాధిపతి. నలభై ఏళ్ళుగా తల తీసేశారనే అనుకుంటున్నాను."

వాల్టర్ నోరు వెళ్ళబెట్టాడు. తర్వాత ఎంత నవ్వాడంటే, కుట్లు కదులుతాయని నేను ఆయన తల పట్టుకోవాల్సి వచ్చింది. హెలెన్ కూడా నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఆయన చేయి పట్టుకుంది. ఎడమచేయి.

మేమడిగే ప్రశ్నలు మంచివే, ఇప్పటికీ రోజూ అడుగుతాను. మనిషికి తను ఎక్కడున్నాడో తెలుసా లేదా అన్నది అవి చెబుతాయి. కానీ ఆ మనిషి నిన్నటి మనిషేనా అన్నది తెలియాలంటే ఆయన నిన్న ఏం చెప్పాడో మనం విని ఉండాలి, అదీ ఆఖరు దాకా. అందుకే కొత్త పేషెంట్ రాగానే, అడక్కపోయినా అందరికీ చెప్పే కథ మీకేదైనా ఉందా అని అడుగుతాను. ఇంట్లోవాళ్ళనీ అడుగుతాను, దాని ముగింపు మీకు తెలుసా అని. చాలామంది తెల్లమొహం వేస్తారు.

వాళ్ళని అనే ముందు నా సంగతి చూసుకోవాలి కదా. మా ఆయన బాపట్లలో కాలేజీ రోజుల్లో ఆడిన ఒక క్రికెట్ మ్యాచ్ గురించి ఎప్పుడూ చెబుతుంటాడు. టాస్ వేయకముందే నేను టాపిక్ మార్చేస్తాను. హెలెన్ ఆ మాట అన్న వారం, ఆదివారం చర్చి నుంచి డ్రైవ్ చేసుకుంటూ ఇంటికి వస్తున్నప్పుడు, "ఏమండీ, ఆ మ్యాచ్ మొత్తం చెప్పండి," అన్నాను. ఆయన నా వంక అనుమానంగా చూసి మొదలుపెట్టాడు. ఆఖరి బంతి దాకా విన్నాను. ఓడిపోయారట. పెళ్ళయిన ఇన్నేళ్ళూ గెలిచారనే అనుకున్నాను.